తిరుపతి, చిత్తూరు ఎండల్లో పార్స్లీ పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి, పుత్తూరు, చిత్తూరు చుట్టుపక్కల మిద్దె మీదో పెరట్లోనో పార్స్లీ పెంచాలనుకునేవాళ్ల కోసం ఈ సమాధానాలు. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు వాతావరణం వేరు కాబట్టి వాళ్ల సంగతి విడిగా చెప్పాం.

మన ఎండలకు పార్స్లీ అసలు బతుకుతుందా?

బతుకుతుంది. కాకపోతే దానికి నచ్చిన నెలల్లో పెంచాలి. పార్స్లీ కొత్తిమీరలా వంటల్లో వేసుకునే ఆకు, మధ్యధరా సముద్ర తీరాల మొక్క. కొత్తిమీర, క్యారెట్, వాము, జీలకర్ర, సోంపు అన్నీ దీని చుట్టాలే. 15 నుంచి 25 డిగ్రీల మధ్య ఆకు బాగా వేస్తుంది. 30 దాటితే మందగిస్తుంది, 35 దాటాక ప్రాణం నిలుపుకోవడమే దాని పని. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలే. ఇక్కడ దానికి కాస్త హాయిగా ఉండేది నవంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా.

చాలామంది ఉగాది అప్పుడు విత్తనాల ప్యాకెట్టు తెచ్చి చల్లి, మొలవలేదనో, మొలిచి మాడిపోయిందనో వదిలేస్తారు. తప్పు విత్తనానిదీ కాదు, చేతిదీ కాదు. నెల తప్పు. పార్స్లీని ఏడాది పొడవునా ఉంచే మొక్కగా కాకుండా చలికాలపు పంటగా చూస్తే సగం కష్టాలు తీరిపోతాయి.

ఎప్పుడు విత్తాలి?

మొదటి విడత సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు మధ్య లోపు, అంటే హస్త, చిత్త కార్తెల్లో. ఇది ట్రేలో, వసారాలో, వాన పడని చోట. మొలకకు మూడు వారాలు, నారు ఎదగడానికి ఐదారు వారాలు పడుతుంది. నవంబరు ఆఖరుకు కుండీలోకి మారిస్తే సంక్రాంతికి మొదటి కోత చేతికొస్తుంది.

రెండో విడత నవంబరు మధ్య నుంచి డిసెంబరు మొదటి వారం లోపు. దీన్ని నేరుగా కుండీలో విత్తుకోవచ్చు. దీని ఆకు ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా వస్తుంది.

జనవరి తర్వాత విత్తితే మొక్క నిలదొక్కుకునేలోపే ఎండలు ముదురుతాయి. అప్పుడు విత్తనాన్ని దాచుకోవడమే మేలు.

మాది పలమనేరు. మాకూ ఇవే నెలలా?

కాదు. పలమనేరు, కుప్పం, మదనపల్లె సముద్రమట్టానికి 600 నుంచి 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. తిరుపతి ఎత్తు 160 మీటర్ల చిల్లర మాత్రమే. ఆ ఎత్తే మీకు వరం. జూలై చివరి నుంచే విత్తుకోవచ్చు, మార్చి ఆఖరు దాకా మంచి ఆకు కోసుకోవచ్చు. నీడ బాగా ఇస్తే ఎండాకాలం దాటించడం కూడా మీకు సాధ్యమే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఎక్కువై ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది. అది జబ్బు కాదు, ఎరువు గుమ్మరించకండి.

ఏ రకం వేసుకోవాలి? ముడతల ఆకుదా, వెడల్పు ఆకుదా?

వెడల్పు ఆకు రకం. ఇటాలియన్ పార్స్లీ, జెయింట్ ఆఫ్ ఇటలీ అనే పేర్లతో దొరుకుతుంది. వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, వాసనా రుచీ కూడా దీనికే ఎక్కువ. మాస్ కర్ల్డ్ లాంటి ముడతల రకాలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ ఆ ముడతల్లో మన దుమ్మంతా చేరుతుంది, ఎర్రనల్లి అనే సన్నటి పురుగు దాక్కుంటుంది, కడగడం పెద్ద పని. హాంబర్గ్ అనే దుంప రకం కూడా ఉంది. దాని వేరు లావెక్కడానికి పొడవాటి చలికాలం కావాలి, తిరుపతిలో దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

విత్తనం కొనేటప్పుడు ఏం చూడాలి?

ప్యాకెట్టు మీద ప్యాకింగ్ తేదీ. పార్స్లీ విత్తనం త్వరగా ముసలిదైపోతుంది. మొదటి ఏడాది బాగా మొలుస్తుంది, రెండో ఏడాది తగ్గుతుంది, మూడో ఏడాది నమ్మలేం. అందులోనూ ఎండ తగిలే షాపు అద్దాల వెనక వేసవంతా వేలాడిన ప్యాకెట్టు అయితే ఏడాది లోపే చచ్చిపోతుంది. గ్రాముకు దాదాపు 600 గింజలు వస్తాయి కాబట్టి ఇంటికి రెండు గ్రాములు చాలా ఎక్కువ. మిగిలినవి మూత బిగువుగా ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి.

ధనియాల మాదిరిగా ఇది కిరాణా కొట్లో దొరకదు. ఆయుర్వేద దుకాణాల్లో అజమోదం పేరుతో ఇచ్చేవి వేరే మొక్క గింజలు.

విత్తి ఇరవై రోజులైంది, ఒక్కటీ మొలవలేదు. పారేయాలా?

ఆగండి. మంచి విత్తనానికి కూడా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఆరు వారాలు. గింజ పైపొరలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి, అవి నీళ్లలో కరిగిపోయేదాకా లోపలి మొలక కదలదు. అందుకే విత్తే ముందు నానబెట్టడం తప్పనిసరి.

గోరువెచ్చని నీళ్లలో గింజలు వేసి 24 గంటలు ఉంచండి. ఆ లోపు మూడుసార్లు నీళ్లు మార్చండి. మొదటిసారి నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి, మూడోసారికి దాదాపు తేటగా ఉంటాయి. వడకట్టి అదే రోజు విత్తేయండి. నానిన గింజను మళ్లీ ఎండనివ్వొద్దు.

అర సెంటీమీటరు లోతు చాలు. పైన పల్చగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) చల్లి, చేత్తో మెల్లగా అదిమి, తడి గోనెసంచి కప్పండి. రోజుకు రెండుసార్లు స్ప్రేయర్‌తో గోనె తడపాలి. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. పది రోజులు శ్రద్ధగా తడిపి, ఏమీ రాలేదని పదకొండో రోజు వదిలేస్తారు. సరిగ్గా గింజ పగిలే సమయంలో పైమట్టి ఒక్క పూట ఎండినా మొలక లోపలే చనిపోతుంది. పదో రోజు నుంచి గోనె ఎత్తి చూస్తూ ఉండండి, ఒక్క మొలక కనిపించినా గోనె తీసేసి నీడ వెలుతురులో పెట్టండి. తీయడం ఆలస్యమైతే మొలకలు పాలిపోయి తీగల్లా సాగుతాయి.

వేడి కూడా చూసుకోండి. మొలకకు మట్టి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. 32 దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. అక్టోబరులో కూడా మిద్దె మీద ట్రే పెడితే మధ్యాహ్నానికి ఆ వేడి వచ్చేస్తుంది. ఇంట్లో గచ్చు నేల మీద, మంచినీళ్ల కుండ పెట్టుకునే మూలలాంటి చల్లని చోటు చూడండి. ఇంకా నమ్మకం కావాలంటే గింజల్ని తడి టిష్యూ పేపర్లో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తెల్లటి వేరు రెండు మిల్లీమీటర్లు బయటికి రాగానే ఒక్కోదాన్ని తీసి నాటండి. పని ఎక్కువే, కానీ ఏ గింజ బతికిందో కంటికి తెలుస్తుంది.

ఆరు వారాలు దాటినా ఏమీ రాకపోతే ఆ విత్తనం పనికిరానిదే.

మొలిచింది పార్స్లీయా, కలుపు మొక్కా? ఎలా తెలుస్తుంది?

మంచి ప్రశ్న, ఎందుకంటే చాలామంది పార్స్లీని పీకేసి కలుపును పెంచుతారు. పార్స్లీ మొదట రెండు సన్నటి పొడవాటి ఆకులు వేస్తుంది. చూస్తే గడ్డి మొలకేమో అనిపిస్తుంది. పది పదిహేను రోజుల తర్వాత వచ్చే మూడో ఆకు అసలుది. మూడు పాయలుగా చీలి, అంచులు కోసినట్టుండి, నున్నగా మెరుస్తుంది.

మన దగ్గర పార్స్లీ అని పొరబడేది వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపును చూసి. పశువుల ఎరువుతో పాటు దాని విత్తనాలు కుండీలోకి వచ్చేస్తాయి. దాని మొదటి రెండు ఆకులు పొట్టిగా గుండ్రంగా ఉంటాయి. తర్వాత వచ్చే చీలికల ఆకులు నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి, వాటి మీద సన్నటి నూగు ఉండి బూడిద ఛాయ కనిపిస్తుంది. పార్స్లీ ఆకు కాడ మీద నిటారుగా లేస్తుంది, నూగు ఉండదు, నలిపితే ఘాటైన పచ్చి వాసన వస్తుంది. అనుమానం ఉన్నప్పుడు వట్టి చేత్తో నలిపి చూడొద్దు, నూగు ఉందో లేదో ముందు చూడండి. వయ్యారిభామ కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది.

కుండీ ఎంత ఉండాలి? మట్టి ఎలా కలపాలి?

పార్స్లీది క్యారెట్ లాగా నిలువుగా దిగే తల్లివేరు. లోతు కనీసం 12 అంగుళాలు ఉండాలి. 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీలో మూడు మొక్కలు సరిపోతాయి. మొక్కకూ మొక్కకూ జానెడు దూరం వదలండి. ఆరంగుళాల కుండీలో పెడితే ఫిబ్రవరి దాకా బాగానే ఉండి, మార్చి రాగానే ఒక్క వారంలో ఎండిపోతుంది. అందులోని గుప్పెడు మట్టి సాయంత్రానికల్లా కాగిపోవడమే కారణం.

మట్టి కుండీ మంచిది, గోడల గుండా తేమ ఆరుతూ వేరును చల్లగా ఉంచుతుంది. నల్ల గ్రో బ్యాగులు వేడిని పీల్చుకుంటాయి. అవే ఉంటే చుట్టూ గోనెసంచి కట్టండి, లేదా తెల్లటి సున్నం పూయండి. మిద్దె గచ్చు మీద నేరుగా ఏ కుండీనీ పెట్టొద్దు, రెండు ఇటుకలు వేసి వాటి మీద పెట్టండి. కింద గాలి ఆడితే వేరుకు చల్లదనం, పైగా మిద్దె కారదు.

కొలత పాళ్లు: ఎర్రమట్టి నాలుగు, వానపాముల ఎరువు లేదా బాగా మాగిన పశువుల ఎరువు మూడు, కోకోపీట్ రెండు, ఇసుక ఒకటి. 12 అంగుళాల కుండీకి ఈ మిశ్రమం సుమారు 20 లీటర్లు పడుతుంది. దాంట్లో 50 గ్రాముల వేపపిండి, 10 గ్రాముల ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలు శిలీంధ్రపు పొడి) కలపండి. ఎర్రమట్టి ఒక్కటే వాడితే వానకు గట్టిపడి పైన పెచ్చు కడుతుంది. కోకోపీట్ ఎక్కువైతే పైన ఎండినట్టు కనిపిస్తూ అడుగున ఊరిపోతుంది.

కోకోపీట్ ఇటుకను నానబెట్టాక రెండు మూడుసార్లు కడిగి పిండి వాడండి. అందులో ఉప్పు ఉంటుంది. మన బోరు నీళ్ల ఉప్పు చాలదన్నట్టు ఇది కూడా చేరితే లేత వేర్లు మాడతాయి.

నారు పోసి మార్చవచ్చా?

మార్చవచ్చు, వేరు కదలకుండా ఉంటే. తల్లివేరు మడత పడినా తెగినా మొక్క నెలల తరబడి అలాగే గిడసబారి ఉండిపోతుంది. లోతైన గడులున్న ట్రేలో గానీ కాగితపు కప్పుల్లో గానీ గడికి రెండు గింజల చొప్పున వేయండి. మూడు నాలుగు అసలు ఆకులు రాగానే మట్టిగడ్డతో సహా, సాయంత్రం పూట, ముందున్న లోతులోనే నాటండి. ఆకుల మధ్య నుంచి కొత్త చిగురు వచ్చే మొవ్వు మట్టిలో మునగకూడదు, మునిగితే కుళ్లుతుంది. వారం రోజులు నీడ.

నవంబరు ముసురుకు మొక్కలన్నీ మొదళ్ల దగ్గర కుళ్లి పడిపోతున్నాయి. ఏం చేయాలి?

ఎండల ఊళ్లో పార్స్లీని ఎక్కువగా చంపేది వాన. విచిత్రంగా అనిపించినా మన దగ్గర నిజం ఇదే. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురు. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినంత వాన ప్రతి ఏడూ రాదు గానీ, మూడు రోజుల ముసురు చాలు నారు పోవడానికి. మట్టిలో గాలి లేక వేరు ఊపిరాడక చస్తుంది. ఆ తడికి నారుకుళ్లు తెగులు మొదలవుతుంది. కాండం మట్టిని తాకే చోట నీళ్లూరినట్టు నల్లబడి, దారంలా సన్నబడి, మొక్క పక్కకు వాలిపోతుంది. వాలిన మొక్కను బతికించే మందు లేదు.

కాబట్టి ముందే జాగ్రత్తపడాలి. నారు వసారాలో ఉండాలి. కుండీ అడుగున ఐదారు రంధ్రాలు ఉండాలి, అవి మూసుకుపోలేదని అక్టోబరులోనే ఒక పుల్లతో పొడిచి చూడండి. వాన కబురు వినగానే కుండీల మీద కర్రలు పాతి, నాలుగు వైపులా గాలి ఆడేలా పాలిథిన్ షీటు కట్టండి. షీటు ఆకులను తాకకూడదు. నారు ఒత్తుగా ఉంటే పల్చన చేయండి. ముసురు రోజుల్లో ఎరువు వద్దు, నీళ్లు అసలే వద్దు. పక్క మొక్కలకు పాకకుండా లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ (తెగుళ్లను అడ్డుకునే మేలు బ్యాక్టీరియా) పొడి కలిపి మొదళ్లలో పోయవచ్చు.

వాన తెరిపిచ్చాక ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు వస్తే ఆ ఆకుల్ని తుంచి దూరంగా పారేయండి, కంపోస్టులో వేయొద్దు. ఆ తర్వాత నీళ్లు మొదట్లోనే పోయండి, ఆకుల మీద కాదు.

ఎండ ఎంత కావాలి?

నవంబరు నుంచి జనవరి దాకా రోజుకు ఐదారు గంటలు నేరుగా తగిలినా ఇబ్బంది లేదు. ఫిబ్రవరిలో పడమటి ఎండ తప్పించండి. మార్చి నుంచి పొద్దున పది గంటల దాకా చాలు, ఆ తర్వాత నీడ. తూర్పు వైపు గోడ వారగా పెడితే ఈ ఏర్పాటు దానంతటదే కుదురుతుంది. పెరట్లో మునగ చెట్టు ఉంటే దాని కింద చోటు పార్స్లీకి సరిగ్గా సరిపోతుంది, జల్లెడ పట్టినట్టు ఎండ పడుతుంది. వంటింటి కిటికీలో పెట్టాలంటే అది తూర్పు కిటికీ అయి నాలుగు గంటల ఎండ రావాలి. అంతకు తక్కువైతే కాడలు సాగి ఆకు పల్చబడుతుంది.

నీళ్లు రోజూ పోయాలా?

లెక్క పెట్టుకుని పోయకండి, వేలు పెట్టి చూసి పోయండి. పైన ఒక అంగుళం ఎండితే పోయాలి, తడిగా ఉంటే మానాలి. అంచనా కోసం చెబితే, 12 అంగుళాల కుండీకి డిసెంబరు, జనవరిలో రోజు మార్చి రోజు ఒక లీటరు. మార్చిలో రోజుకు ఒక లీటరు. ఏప్రిల్, మేలలో రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు, పొద్దున సగం, పొద్దుగూకాక సగం.

మిద్దె మీది పైపులో మధ్యాహ్నం నిలిచిన నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. సింటెక్స్ ట్యాంకు నీళ్లూ అంతే. సాయంత్రం పోసేటప్పుడు మొదట వచ్చే నీళ్లను బకెట్లో పట్టి చల్లారనిచ్చి, తర్వాత పోయండి.

మట్టి పైన రెండు అంగుళాల మందంలో ఏదైనా పరిస్తే నీళ్ల ఖర్చు బాగా తగ్గుతుంది. మన వైపు చెనక్కాయ పొట్టు చవకగా దొరుకుతుంది, దానికి మించింది లేదు. చెరకు పిప్పి, ఎండుటాకులు, వరిగడ్డి ఏదైనా సరే. మొవ్వు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి. ముసురు రోజుల్లో మాత్రం ఈ పరుపు తీసేయాలి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పార్స్లీకి పనికొస్తాయా?

నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరుతో చూడండి. 500 లోపు ఉంటే దిగులు లేదు. 1000 దాటితే ఆకు అంచులు గోధుమ రంగుకు మాడడం మొదలవుతుంది, కుండీ గోడ మీద తెల్లటి పొర కడుతుంది. అలాంటప్పుడు కొద్దికొద్దిగా పోయడం ఇంకా హాని, ఉప్పంతా మట్టిలోనే మిగిలిపోతుంది. నెలకోసారి కుండీ మట్టికి రెట్టింపు నీళ్లు నెమ్మదిగా పోసి అడుగు నుంచి పారనివ్వండి. వాన నీళ్లు పట్టి ఉంచుకుంటే ఈ పనికి వాడండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, బోరు నీళ్లలో సగానికి సగం కలిపి పోయవచ్చు. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయొద్దు. ఉప్పంతా చిక్కబడి ఉండేది వాటిలోనే.

ఆకులు పసుపు పచ్చగా మారుతున్నాయి. ఏం తక్కువైంది?

ఏ ఆకులో చూడండి. కింది ముసలి ఆకులు మొత్తం పసుపైతే నత్రజని తక్కువ, ఎరువు వేయండి. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. సున్నపు బోరు నీళ్ల వల్ల మన దగ్గర ఇది ఎక్కువ. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం తర్వాత మరోసారి. చెనక్కాయ రైతులకు ఈ మందు కొత్త కాదు, వాళ్లు ఇంకా గాఢంగా వాడతారు. పార్స్లీ ఆకు సున్నితం, ఇంతకు మించి వద్దు. పిచికారీ చేసిన వారం దాకా ఆకు కోయకండి, కోశాక బాగా కడగండి.

లేతా ముదురూ తేడా లేకుండా అన్నీ పసుపై, మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేరు కుళ్లుతోందని అర్థం. నీళ్లు ఆపండి.

మధ్యాహ్నం మొక్క వాలిపోతోంది. ఇంకా నీళ్లు పోయాలా?

ముందు మట్టి చూడండి. తడిగా ఉంటే పోయొద్దు. ఆకు ఆవిరి చేసే నీటిని వేరు అంత వేగంగా అందించలేక వాలుతుంది, ఎండ తగ్గాక ఆరు గంటలకల్లా లేస్తుంది. దానికి కావాల్సింది నీడ. తెల్లవారుజామున కూడా వాలి ఉందంటే అది వేరే సంగతి: మట్టి ఎండి ఉంటే దాహం, తడిగా ఉంటే వేరుకుళ్లు. వాలిన ప్రతిసారీ చెంబుడు నీళ్లు పోసి చంపుకున్న మొక్కలే ఎక్కువ.

ఎరువు ఏది, ఎంత?

ఆకు పంట కాబట్టి నత్రజని ముఖ్యం. మూడు వారాలకోసారి కుండీకి 100 గ్రాముల వానపాముల ఎరువు వేసి పైపైన కలపండి. కోతలు మొదలయ్యాక 100 గ్రాముల చెనక్కాయ చెక్కను లీటరు నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, పది లీటర్లకు పల్చన చేసి, కుండీకి అర లీటరు చొప్పున 15 రోజులకోసారి పోయండి. నానబెట్టిన చెక్కను వడకట్టకుండా పోస్తే చీమలు, ఈగలు చేరతాయి. జీవామృతం ఉంటే ఒకటికి పది పాళ్ల నీళ్లు కలిపి వాడవచ్చు. ఏప్రిల్ నుంచి ఎరువులన్నీ ఆపేయండి.

ఏ పురుగులు పడతాయి?

ఫిబ్రవరి ఆఖరు నుంచి ఎర్రనల్లి. ఆకు పైన సూదితో గుచ్చినట్టు లేత చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నటి దారాలు. తెల్ల కాగితం పట్టి ఆకును తడితే చుక్కలు పాకుతూ కనిపిస్తాయి. పొడి వేడికి ఇది పెట్రేగుతుంది కాబట్టి పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి తగిలేలా నీళ్లు జోరుగా కొట్టడమే మొదటి వైద్యం, మూడు రోజులు వరసగా. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి సూర్యాస్తమయం తర్వాత కొట్టండి. ఎండలో వేపనూనె కొడితే ఆకు మాడుతుంది.

చలికాలంలో పేనుబంక మొవ్వులో చేరుతుంది. చీమలు కుండీ ఎక్కుతుంటే పేనుబంక ఉన్నట్టే. అదే వేపనూనె పనిచేస్తుంది. కొండ దగ్గరి వీధుల్లో కోతుల బెడద పురుగుల కన్నా పెద్దది, వల కప్పడం తప్ప వేరే దారి లేదు.

ఆకు ఎప్పుడు, ఎలా కోయాలి?

విత్తిన 75 నుంచి 90 రోజులకు, మొక్కకు ఎనిమిది పది కాడలు వచ్చాక. బయటి వరుస కాడల్ని మొదట్లో, మట్టికి ఒక అంగుళం పైన కత్తెరతో కోయండి. కొత్తిమీర లాగా పైపైన తుంచితే మొండి కాడలు మిగిలి, అవి కుళ్లి, మొవ్వుకు తెగులు పాకుతుంది. ఒక్కసారికి మూడో వంతుకు మించి కోయొద్దు. పది పన్నెండు రోజులకోసారి కోస్తూ ఉంటే కొత్త కాడలు వస్తూనే ఉంటాయి. ఉదయం ఎనిమిది లోపు కోస్తే ఆకు గలగలలాడుతూ ఉంటుంది.

నిల్వకు కాడలు మునిగేలా గ్లాసు నీళ్లలో పెట్టి, పైన కవరు వదులుగా కప్పి, ఫ్రిజ్‌లో ఉంచితే వారం పైనే ఉంటుంది. ఎక్కువుంటే సన్నగా తరిగి ఐసు ట్రేలో నూనెతో కలిపి గడ్డకట్టించండి. ఎండబెడితే వాసన చాలా వరకు పోతుంది, మన ఎండలో పెడితే రంగు కూడా పోతుంది.

ఎండాకాలం దాటించడం కుదరదా?

తిరుపతిలో కష్టం. ప్రయత్నించాలంటే మార్చి ఆఖరులో బయటి కాడల్లో మూడో వంతు తీసేసి, కుండీని నీడకు మార్చండి. పైన ఏడు అడుగుల ఎత్తులో 50 శాతం షేడ్ నెట్ కట్టండి, పక్కలు మూయొద్దు. కుండీని ఇంకా పెద్ద మట్టి కుండీలో పెట్టి మధ్య సందులో ఇసుక నింపి రోజూ తడపండి. ఇది వేరు వేడిని బాగా తగ్గిస్తుంది. వచ్చే ఆకు చిన్నగా, గట్టిగా, చేదుగా ఉంటుంది. వండుకోవడానికి అంత బాగోదు. జూలై దాకా బతికితే వానలకు మళ్లీ చిగురిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అప్పటిదాకా కాపాడిన మొక్క కూడా ఆ రెండు వారాల్లో పోవచ్చు. మా సలహా కొత్త విత్తనమే.

ఆ రెండు నెలలూ మట్టిని పనిలో పెట్టండి. పాత మట్టిని, ముఖ్యంగా టమాటా, వంగ పెంచిన మట్టిని తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు గాలి చొరకుండా కప్పి, ఏప్రిల్, మే ఎండలో ఐదారు వారాలు వదిలేయండి. వేర్ల మీద బుడిపెలు తెచ్చే నులిపురుగులు, నారుకుళ్లు శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలా వరకు చస్తాయి. పార్స్లీని చంపే ఎండే దాని మట్టిని శుభ్రం చేస్తుంది.

మొక్క పూతకు రావడం లేదు. విత్తనం ఎలా తీయాలి?

తీయలేరు. పార్స్లీ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు ఆకు, తర్వాత వారాల తరబడి గట్టి చలి తగిలాక రెండో ఏడు పూత. తిరుపతి చలి దానికి చాలదు. కొత్తిమీర లాగా నలభై రోజులకే పూతకొచ్చి పాడవదు కాబట్టి ఇది మనకు లాభమే, ఒక్కసారి వేస్తే రెండు మూడు నెలలు ఆకు.

అమ్మకానికి వేయవచ్చా?

కొనేవాళ్లు ముందు ఖాయమైతేనే. తిరుపతిలో భోజన హోటళ్లకు దీనితో పనిలేదు, కాంటినెంటల్ వంటలు చేసే కొద్ది పెద్ద హోటళ్లే వాడతాయి. పలమనేరు, కుప్పం రైతులకు బెంగళూరు మార్కెట్ దగ్గర కాబట్టి అక్కడ షేడ్ నెట్ కింద వేయడంలో అర్థం ఉంది. అరడుగు ఎత్తు బెడ్లు, డ్రిప్పు, వరసల మధ్య అడుగు దూరం. మొదటిసారి రెండు సెంట్లకు మించి వేయకండి.

ఎవరైనా తినకూడదా?

పైన చల్లుకునేంత ఆకు అందరూ తినవచ్చు. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ తినడం మొదలుపెట్టొద్దు, ఇందులోని విటమిన్ కె ఆ మందు పనికి అడ్డుపడుతుంది. గర్భిణులు పార్స్లీ కషాయం, నూనె, విత్తనాల పొడి వాడకూడదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు గిన్నెల కొద్దీ సలాడ్ చేసుకునే ముందు డాక్టర్ను అడగాలి, ఇందులో ఆక్సలేట్లు ఉంటాయి.